ఉమా ముసుమేలో పెద్ద ర్యాంకు పేరెంట్ అనే భ్రమ

ఉమా ముసుమే అంటే నిజమైన పందెపు గుర్రాల పేర్లున్న అమ్మాయిలని పరుగు పందేలకి తయారుచేసే ఆట. మనం తయారుచేసే అమ్మాయి ట్రైనీ, ఆమెకి వారసత్వం ఇవ్వడానికి పెట్టుకునే, ముందే తయారైన అమ్మాయి పేరెంట్. మా క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్ళ నుంచి దాదాపు ఒకే స్క్రీన్‌షాట్ వస్తుంది, కింద ఒకే ప్రశ్న: "అన్నా, ఎ ప్లస్ ర్యాంకు పేరెంట్‌ని పెట్టినా ట్రైనీ ఎందుకు బలంగా రావట్లేదు?" చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఒకేసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పేరెంట్ ఎంత బలంగా ఉంటే ట్రైనీ అంత బలంగా వస్తుంది.

వాస్తవం: పేరెంట్ ర్యాంకు ట్రైనీకి రాదు. స్పీడ్ 1150 ఉండొచ్చు, ఆ అంకె అక్కడే ఉండిపోతుంది. కిందికి వచ్చేది స్పార్క్ మాత్రమే, అంటే పేరెంట్ నుంచి వారసత్వంగా అందే నక్షత్రాల గుర్తు. కెరీర్ (ఒక ట్రైనీని మొదటి నుంచి చివరిదాకా ఆడించడం) ముగిశాక స్పీడ్, స్టామినా, పవర్, గట్స్, విట్‌లలో ఏదో ఒకదానికి నీలం స్పార్క్ పడుతుంది. దేనికి పడాలో మన చేతిలో లేదు. ఒక నక్షత్రానికి తర్వాతి కెరీర్ మొదట్లో 5 పాయింట్లు, రెండుకి 12, మూడుకి 21. ఇద్దరు పేరెంట్లు, వాళ్ళ పేరెంట్లు నలుగురు, మొత్తం ఆరుగురివీ లెక్కకొస్తాయి. ఆరుగురికీ స్పీడ్‌లో మూడేసి నక్షత్రాలుంటే 126 పాయింట్లు ముందే చేతికొచ్చినట్టు. స్పార్క్ పడిన ఆ స్టాట్ (స్పీడ్ లాంటి అంకె) పేరెంట్‌కి 600 దాటితే, ఆపైన 1100 దాటితే మంచి నక్షత్రాలు పడే అవకాశం కొంత పెరుగుతుంది, కాదనను. అయినా మూడు నక్షత్రాలు అరుదే.

మా క్లబ్ తమ్ముడొకడు ఇది వినలేదు. ఒక కెరీర్‌కి 30 టీపీ (ఆడటానికి ఖర్చయ్యే పాయింట్లు) కావాలి, పది నిమిషాలకొకటి చొప్పున నిండుతుంది, అంటే ఐదు గంటలు ఆగాలి. ఆగలేక క్యారెట్లు (ఆటలోని డబ్బు) కొని టీపీ నింపుకున్నాడు. చివరికి స్పీడ్ 1100 దాటిన పేరెంట్ తయారైంది. పడిన నీలం స్పార్క్ చూస్తే గట్స్, ఒక్క నక్షత్రం! అదే వారం ఇంకొకావిడ సరదాగా ఆడిన 'సకురా బకుషిన్ ఓ' అనే పాత్ర ర్యాంకు సి ప్లస్ దగ్గరే ఆగింది, కానీ స్పీడ్ మూడు నక్షత్రాలు పడ్డాయి. ఇప్పుడు క్లబ్‌లో సగం మంది దాన్నే అరువు తెచ్చుకుంటున్నారు. ఆ తమ్ముడి ఎ ప్లస్ లిస్టులో అలా పడి ఉంది.

దీని చుట్టూ పుట్టిన పుకార్లకి లెక్కే లేదు. యాప్ మూసి తెరిస్తే నక్షత్రాలు పెరుగుతాయట, అర్ధరాత్రి దాటాక కెరీర్ ముగించాలట, పదిసార్లు రాకపోతే పదకొండోసారి ఖాయమట. ఏదీ లేదు. స్పార్క్‌లకి గ్యారంటీ లెక్క లేదు, ప్రతిసారీ కొత్త పాచికే. రాలేదని టెన్షన్ పడేవాళ్ళకి చెప్పేదొక్కటే: తప్పు మీ ఆటలో లేదు. ఫ్రెండ్ స్లాట్‌లో మంచి పేరెంట్‌ని అరువు తెచ్చుకోండి, మీ టీపీ రెండో పేరెంట్ కోసం వాడండి.

ఏ నేల మీద, ఎంత దూరం బాగా పరిగెత్తగలదో ఆ గ్రేడుని పెంచే గులాబీ స్పార్క్‌ల సంగతి చాలామంది పట్టించుకోరు. హారు ఉరారా అనే పాత్రతో అరిమా కినెన్ అనే పెద్ద పందెం గెలవాలని అందరికీ ఆశే. అసలు గుర్రం జపాన్‌లోని కోచిలో 113 పరుగులు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు కదా, ఆ ముచ్చట నాకూ ఉంది. కానీ ఆ పందేనికి కావాల్సిన టర్ఫ్ (గడ్డి నేల) ఆమెకి జి, లాంగ్ (ఎక్కువ దూరం) కూడా జి, అంటే అన్నిటికన్నా కింది గ్రేడు. ఒకదానికి పది గులాబీ నక్షత్రాలు చేర్చినా మొదట్లో నాలుగు మెట్లే ఎక్కుతుంది, అంటే సి వరకు. మిగతాది క్లాసిక్, సీనియర్ సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే ఇన్‌స్పిరేషన్ (కెరీర్ మధ్యలో స్పార్క్‌లు మళ్ళీ వెలిగే ఘట్టం) మీద ఆధారపడాలి. అందుకే ఆరుగురికీ నీలం మాత్రమే చూసి పెట్టుకుంటే పని కాదు.

పేరెంట్ కోసం ఆడే కెరీర్‌లో జి1 (అత్యున్నత స్థాయి) పరుగులు వృథా అనుకోవద్దు. పేరెంట్, ఆ పేరెంట్ వెనకున్నవాళ్ళు అవే జి1లు గెలిచి ఉంటే పొందిక (వాళ్ళ మధ్య కుదిరిక) పెరుగుతుంది, పొందిక పెరిగితే ఏప్రిల్‌లో స్పార్క్‌లు వెలిగే అవకాశం పెరుగుతుంది.

రక్తసంబంధం గురించి అడిగేవాళ్ళకి: ఇక్కడ పిల్ల పుట్టడం అనేదే లేదు. సింబోలి రుడోల్ఫ్ నిజంగా టోకై టెయోకి తండ్రి. ఆటలో టెయోని తెచ్చి రుడోల్ఫ్‌కి పేరెంట్‌గా పెట్టొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక ట్రైనింగ్‌లో సాయపడే సపోర్ట్ కార్డులు. అన్నిటికన్నా అరుదైన రకం ఎస్‌ఎస్‌ఆర్ పడగానే పండగ చేసుకోకండి. ఒక్క కాపీతో అది 30వ లెవెల్ దాటదు, ఇంకో నాలుగు కాపీలు కలిస్తేనే 50. కోరుకున్న కార్డు ఖాయంగా కావాలంటే 200 పుల్స్ (లాటరీలా కార్డు తీయడాలు), అంటే 30,000 క్యారెట్లు. అంత లేనప్పుడు బ్యానర్ (కొన్నాళ్ళే ఉండే ఆ లాటరీ) జోలికి పోకండి. సగంలో ఆగితే పుల్స్‌తో కూడే, కార్డుగా మార్చుకునే మార్పిడి పాయింట్లు తర్వాతి బ్యానర్‌కి రావు.