చెమ్మ ఎటు పోవాలి?

లండన్‌లో విక్టోరియా రాణి కాలం నాటి వరుస ఇల్లు కొన్నవాళ్లకు మొదట నచ్చనిది వంటగది. ఇల్లు వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడి, చివరికి చీకటి గదిగా మిగులుతుంది. దాని పక్కన పొరుగింటి గోడ దాకా ఒక సందు. ఆ సందును కూడా కలుపుకుని, మధ్య గోడ తీసేసి, అద్దాల కప్పు వేయించుకోవడం ఇప్పుడు అక్కడ మామూలైపోయింది. గోడ పోయినచోట పై అంతస్తు బరువును స్టీలు దూలం మోస్తుంది. ఆ దూలాన్ని పొరుగువాళ్లతో ఉమ్మడిగా ఉన్న గోడలోకి దించాలంటే, 1996 నాటి చట్టం ప్రకారం రెండు నెలల ముందే వాళ్లకు నోటీసు ఇవ్వాలి. దూలం సంగతి ఇంజనీరు చూసుకుంటాడు. చెమ్మ సంగతే ఎవరికీ గుర్తుండదు.

ఆ ఇళ్ల గోడలు చాలావరకు 9 అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ ఉండదు. వాన పడితే తడుస్తాయి, గాలి తగిలితే ఆరతాయి. ఆరడానికి దారి ఇచ్చేది ఇటుకల మధ్య ఉన్న సున్నం. మన పాత మిద్దెల డంగు సున్నానికి అది చుట్టమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిలా మారుతుంది, అయినా ఇటుక కన్నా మెత్తగానే ఉంటుంది. రిపేరు పేరుతో ఇటుకల మధ్య సున్నం ఉన్నచోట సిమెంటు నింపితే నీళ్లకు ఆ దారి మూసుకుపోయి, ఇటుకలోనే నిలిచిపోతాయి. చలికాలంలో గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. గట్టి మందు వేశామనుకుంటాం గానీ రోగం తెచ్చిందే ఆ మందు.

లోపల ఇంకో కథ. బొగ్గు పొయ్యిలు వెలిగిన రోజుల్లో పొగగొట్టాలు గదిలోని తడి గాలిని కూడా లాగేసేవి. ఇప్పుడు వాటిని మూసేసి, కిటికీలకు బిగుతైన డబుల్ గ్లాసులు పెట్టి, బట్టలు గదిలోనే ఆరేస్తున్నారు. కొత్తగా కట్టిన భాగంలో గోడ నుంచి పోయే వేడి, పాత గోడతో పోలిస్తే సుమారు పదో వంతే. అందుకే అన్నం ఉడికిన ఆవిరి కొత్త గోడను వదిలేసి, చల్లగా ఉన్న పాత మూలకు పోయి నీరుగా మారుతుంది. అక్కడే నల్ల బూజు. కింద నుంచి చెమ్మ పాకుతోందని గోడకు రసాయనం ఎక్కించడానికి డబ్బు కట్టేముందు, వాన గొట్టం ఎక్కడైనా కారుతోందా, బయట నేల లోపలి గచ్చు కన్నా ఎత్తుందా చూడటం మేలు. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

ఇంకొకటి. పాత గదుల చెక్క నేల కింద ఖాళీ ఉంటుంది. వెనక గోడ అడుగున ఉన్న చిల్లుల ఇటుకల గుండా అక్కడికి గాలి ఆడుతుంది. కొత్త కాంక్రీటు నేల వాటికి అడ్డం పడితే చెక్క కుళ్లుతుంది. కాంక్రీటు కింద నుంచి బయటికి పైపులు వేసి ఆ గాలిని కొనసాగించాలి. ప్లానులో ఆ పైపులు కనిపించకపోతే, కాంక్రీటు లారీ వాకిట్లోకి రాకముందే అడగండి.