కారు ఇంజనుతో ఎగిరిన కర్ర విమానం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అనే చిన్న పల్లె ఉంది. 1920లలో ఆ ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ ఉండేవాడు. విమానాల గురించి ఎక్కడా చదువుకున్నవాడు కాదు, అన్నీ సొంతంగా నేర్చుకున్నవే. కర్ర, గుడ్డ, ఫోర్డ్ కారు ఇంజను, ఈ మూడింటితోనే విమానం చేయాలని పట్టుబట్టాడు. మొదట పాత మోడల్ టీ కారు ఇంజను పెట్టి చూశాడు. దాని సత్తువ చాల్లేదు. తర్వాత ఫోర్డ్ కంపెనీ 40 హార్స్‌పవర్ ఇంజనుతో మోడల్ ఏ కారు తెచ్చింది. ఆ ఇంజను బిగించిన విమానం 1929 మే నెలలో గాల్లోకి లేచింది. దానికి ఎయిర్ క్యాంపర్ అని పేరు పెట్టాడు.

కారు ఇంజనుతో విమానం నడపడం కుదరని పని అని అప్పట్లో వెస్టన్ ఫార్మర్ అనే పత్రికా సంపాదకుడు గట్టిగా అనేవాడు. 1930లో పీటెన్‌పోల్ తన విమానాన్ని మినియాపోలిస్ దాకా ఎగరేసుకెళ్లి చూపించాడు. ఆ తర్వాత ఎయిర్ క్యాంపర్ ప్లాన్లను తన పత్రికలో అచ్చు వేయించింది ఆ సంపాదకుడే. ఇన్నేళ్లయినా ఆ ప్లాన్లతో ఇళ్లలో విమానాలు తయారవుతూనే ఉన్నాయి.

కర్ర విమానం అనగానే చాలామందికి బొమ్మ గుర్తొస్తుంది. అల్యూమినియం కొనలేక కర్రతో సరిపెట్టుకున్నారేమో అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఒకసారి కూర్చుని లెక్క వేసుకునేదాకా. లాగితే సాగకుండా నిలబడే గుణాన్ని ఇంజనీర్లు యంగ్స్ మాడ్యులస్‌తో కొలుస్తారు. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి 70, విమానాలకు వాడే సిట్కా స్ప్రూస్ కర్రకు 10. ఇంతవరకే చూస్తే కర్ర పనికిరానిదే. కానీ విమానంలో ప్రతి కిలోనూ మోసుకెళ్లాలి కదా, బరువు కూడా చూడాలి. నీటితో పోలిస్తే ఉక్కు 7.8 రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు బరువు. స్ప్రూస్ బరువు నీటిలో 0.4 వంతే. మొదటి అంకెల్ని ఈ అంకెలతో భాగించండి. మూడూ సుమారు 25 దగ్గరే తేలతాయి. కిలోకి కిలో చూస్తే అడవిలో పెరిగిన చెట్టు, కొలిమిలో కాగిన ఉక్కు సరిసమానం.

వంగే దగ్గరికొచ్చేసరికి కర్ర ఇంకా ముందుంటుంది. పలక మందం రెట్టింపైతే అది వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఒకే వెడల్పు, ఒకే పొడవు, ఒకే బరువు ఉన్న అల్యూమినియం రేకును, స్ప్రూస్ పలకను పక్కపక్కన పెట్టండి. కర్ర తేలిక కాబట్టి పలక దాదాపు ఏడు రెట్లు మందంగా ఉంటుంది. లెక్క కడితే అది రేకు కంటే 40 రెట్లకు పైగా బిగువుగా నిలుస్తుంది. లోహపు విమానాల్లో రేకును మడతలు పెట్టి, పెట్టెల్లా మలిచి, వేల రివెట్లు కొట్టేది ఈ లోటును పూడ్చడానికే. కర్రకు ఆ అవసరం తక్కువ. రంపం, చిత్రిక, ఉలి, క్లాంపులు ఉన్న మనిషి గ్యారేజీలో రెక్క చేయగలిగింది అందుకే.

అలాగని ఏ కర్ర పడితే ఆ కర్ర కుదరదు. మనం గుమ్మానికి చేవదేరిన టేకు వెతుకుతాం. చెదలకు, వానకు అది తట్టుకుంటుంది, కానీ స్ప్రూస్ కంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి తేలికే, ఉలికి మెత్తగా లొంగుతుంది. బొమ్మకు అది చాలు. రెక్కకు తేలికతోపాటు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని బలం కావాలి. అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరంలో పెరిగే సిట్కా స్ప్రూస్‌లో ఈ రెండూ దొరుకుతాయి. చెట్టు నిటారుగా, చాలా ఎత్తుగా పెరుగుతుంది కాబట్టి ముడి లేని పొడవాటి దూలాలు తీయొచ్చు. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానంలోనూ స్ప్రూస్ కర్రే ఎక్కువ.

ఆ స్ప్రూస్‌లోనూ ఏరుకోవాలి. ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కర్రంటే పక్కపక్కన అతుక్కున్న సన్నని గొట్టాల కట్ట. ఆ నారల పొడవునా దాని బలం అపారం, అడ్డంగా అందులో చిన్న వంతే ఉంటుంది. అందుకే కట్టెను నిలువునా ఒక్క దెబ్బకు చీల్చగలం, అడ్డంగా నరకాలంటే చెమటలు పడతాయి. రెక్కలో మోత మోసే దూలాన్ని స్పార్ అంటారు. దానికి ఎంచుకున్న పలకలో 15 అంగుళాల పొడవుకు నారలు ఒక అంగుళం కంటే పక్కకు జరగకూడదు. అడ్డకోతలో అంగుళానికి కనీసం ఆరు వయసు వలయాలు ఉండాలి. పలకలు ఎండి, తేమ 12 శాతం దగ్గర నిలవాలి.

అన్నిటికంటే ప్రమాదం కంటికి సరిగా ఆనని లోపం. గాలివానకు చెట్టు బాగా వంగినా, నరికినప్పుడు బండ మీద పడినా లోపల నారలు నలిగిపోతాయి. పలక మీద అది వెంట్రుకంత అడ్డగీతలా ఉంటుంది, అంతే. చిత్రిక పట్టిన తర్వాత దీపం పక్కనుంచి వేసి, పలకను అటూ ఇటూ తిప్పి చూస్తేగాని తెలియదు. ఆ గీత ఉన్న దూలం గాల్లో హెచ్చరిక ఇవ్వకుండా టప్పున విరుగుతుంది. చిన్నప్పుడు మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి ఒక కన్ను మూసి పలక వెంట చూపు సారించి, ఏమీ చెప్పకుండా పక్కన పెట్టేసేవాడు. ఎందుకు వద్దన్నాడో నాకప్పుడు అర్థమయ్యేది కాదు.

ఎయిర్ క్యాంపర్ రెక్కలో రెండు స్పార్లు ఉంటాయి. అసలు ప్లాను ప్రకారం ఒక్కోటి అంగుళం మందం, ఐదంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు. పైనా కిందా కర్ర ఉంచి, మోత తక్కువ పడే మధ్యభాగాన్ని రెండు వైపులా లోతుగా తొలుస్తారు. బరువు తగ్గుతుంది, బలం దాదాపు అలాగే ఉంటుంది. రెక్కకు ఆకారాన్నిచ్చే పక్కటెముకల్ని పావు అంగుళం, అర అంగుళం కొలతల పుల్లలతో చేస్తారు. బల్ల మీద అసలు సైజులో బొమ్మ గీసి, గీతల వెంట చిన్న కర్రముక్కలు కొట్టి, వాటి మధ్య పుల్లలు వంచి ఇరికించి, కీళ్ల దగ్గర పలుచని ప్లైవుడ్ ముక్కలు అంటిస్తారు. జిగురు బల్లకు పట్టకుండా కింద మైనపు కాగితం పరుస్తారు. రోజుకొకటి చొప్పున చేసినా రెక్కకు సరిపడా పక్కటెముకలు పూర్తవడానికి నెల పడుతుంది.

ఇక జిగురు. కర్ర విమానం నిలిచేదీ కూలేదీ దీని మీదే. ఆ రోజుల్లో పాలలోని కేసిన్‌తో చేసిన జిగురు బాగా వాడేవారు. ఎండినంతకాలం గట్టిగానే ఉంటుంది. తడి చేరితే మెత్తబడుతుంది, బూజు పట్టి తినేస్తుంది. 1931 మార్చి 31న కాన్సస్‌లో ఒక ఫోకర్ ప్రయాణికుల విమానం రెక్క గాల్లోనే విరిగిపోయింది. పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ నూట్ రాక్నీతో సహా ఎనిమిది మంది చనిపోయారు. ఆ రెక్క కర్రదే. లోపలికి చేరిన తేమ జిగురు కీళ్లను బలహీనం చేసింది. రెక్కను మూసేశాక లోపలేం జరుగుతోందో పైనుంచి చూసేవాళ్లకు తెలిసే వీలే లేదు. ప్రయాణికుల విమానాల్లో కర్రను వదిలి లోహం వైపు మళ్లడానికి ఆ ప్రమాదం పెద్ద కారణమైంది.

ఇప్పుడు రెసార్సినాల్, ఎపాక్సీ జిగుర్లు ఉన్నాయి. నీటికి లొంగవు. రెసార్సినాల్‌కు సందు లేని కీలు, గట్టి బిగింపు కావాలి. ఎపాక్సీ చిన్న సందుల్ని నింపుకుంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది. అందుకే దానితో అతికిన రెక్కకు ముదురు రంగు వేయొద్దంటారు. మన ఎండలకైతే ఈ మాట మరీ ముఖ్యం. జిగురు కలిపిన ప్రతిసారీ రెండు చిన్న ముక్కల్ని అదే జిగురుతో అతికించి, ఆరాక సుత్తితో విరగ్గొడతారు. కీలు దగ్గర ఊడిపోతే ఆ రోజు పనంతా తీసి పారేయాల్సిందే. కర్ర చీలి, జిగురు గీత చెక్కుచెదరకుండా ఉంటేనే ముందుకు వెళ్తారు. రెండు దూలాల్ని పొడవుగా కలపాలంటే మొనకు మొన ఆనించి అతికించరు. గొట్టాల చివర్లు జిగురును పీల్చేసుకుంటాయి, పట్టు రాదు. అంగుళం మందానికి 12 అంగుళాల ఏటవాలు కోత కోసి, ఒకదాని మీద ఒకటి పరుస్తారు.

అస్థిపంజరం మీద గుడ్డ చుట్టి, డోప్ అనే లక్కలాంటి ద్రవం పూస్తే అది ఆరుతూ బిగుసుకుని డప్పులా మోగుతుంది. పాతకాలపు డోప్ అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనేది. ఇప్పుడు పాలియెస్టర్ గుడ్డను ఇస్త్రీపెట్టెతో బిగిస్తున్నారు.

కారు ఇంజను ఎలా పనికొచ్చిందనేది మిగిలింది. మోడల్ ఏ ఇంజను 3.3 లీటర్లది, నెమ్మదిగా తిరిగే రకం. ప్రొపెల్లర్‌కు కావాల్సింది అదే. ఎయిర్ క్యాంపర్‌కు వాడే కర్ర ప్రొపెల్లర్ 76 అంగుళాలు, అంటే దాదాపు 1.93 మీటర్లు. నిమిషానికి 1,800 సార్లు తిరిగితే దాని కొస సెకనుకు 180 మీటర్ల వేగంతో వెళ్తుంది. శబ్దవేగం సెకనుకు 340 మీటర్లు కాబట్టి ఫర్వాలేదు. ఈ కాలపు కారు ఇంజనులా 5,000 సార్లు తిప్పితే కొస శబ్దవేగాన్ని దాటేస్తుంది, శక్తంతా చప్పుడుగా వృథా అవుతుంది. అందుకే కొత్త కారు ఇంజన్లు పెట్టేవాళ్లు చాలామంది మధ్యలో గేర్లో బెల్టో పెట్టుకుంటారు. పీటెన్‌పోల్ ఇంజన్ని వెనక వైపు ముందుకొచ్చేలా తిప్పి పెట్టి, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉండే వైపున నేరుగా ప్రొపెల్లర్ బిగించాడు.

40 హార్స్‌పవర్‌తో ఇద్దరు మనుషులు ఎగరగలగడానికి కారణం రెక్క వైశాల్యం. మొత్తం బరువు సుమారు 450 కిలోలు, రెక్క సుమారు 13 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 35 కిలోలే పడుతుంది. మనం ఎక్కే ఎయిర్‌బస్ ఏ320లో అది 600 కిలోల దాకా ఉంటుంది.

కర్ర, జిగురు, ఇంజను అన్నీ సరిగ్గా ఉన్నా విమానం చంపగలదు. 1933లో ఫ్రాన్స్‌లో ఆన్రి మిన్యే అనే ఆయన ఆరు మీటర్ల రెక్కతో 'పూ దు సియెల్' అనే బుల్లి విమానం చేశాడు. ఆ పేరుకు ఆకాశపు పేను అని అర్థం. పెట్టెకు మేకులు కొట్టగలిగినవాడు దీన్ని కట్టగలడని ఆయన ధీమా. ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో ఎందరో ఉత్సాహంగా కట్టారు. 1935, 36 సంవత్సరాల్లో అవి వరసగా కూలాయి. ముక్కు కిందికి దిగిన విమానం తిరిగి పైకి లేచేది కాదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో ఆ విమానాన్నే గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షించారు. ముందు రెక్క, వెనుక రెక్క మరీ దగ్గరగా ఉన్నాయి. పైలట్ ముక్కు ఎత్తడానికి ముందు రెక్కను పైకి వంచితే, రెండింటి మధ్య సందులోంచి దూసుకెళ్లే గాలి వెనుక రెక్కనే ఎక్కువగా ఎత్తేది. ముక్కు ఇంకా కిందికి దిగేది. తనను కాపాడుతుందనుకుని లాగిన కంట్రోల్ స్టిక్కే పైలట్‌ని నేలకేసి కొట్టేది. లోపం తయారీదారుల వడ్రంగంలో కాదు, డిజైనులోనే ఉంది. మిన్యే తర్వాత దాన్ని సరిదిద్దాడు, కానీ పోయినవాళ్లు పోయారు. వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

ఎయిర్ క్యాంపర్‌లో జాగ్రత్త పడాల్సింది తూకం దగ్గర. కావడి మోసేవాడు బద్దను భుజం మీద ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటాడు కదా, విమానానికి ఆ భుజం రెక్క. ఇందులో పైలట్ వెనుక సీట్లో కూర్చుంటాడు కాబట్టి తోక బరువెక్కే గుణం ఉంది. బరువైన ఫోర్డ్ ఇంజను ముందు నుంచి దాన్ని సరిచేసేది. ఇప్పుడు చాలామంది తేలికపాటి విమాన ఇంజను పెడుతున్నారు, అప్పుడు తోక దిగుతుంది. అలాంటప్పుడు ముక్కును పొడిగిస్తారు, లేదా రెక్కను మోసే కర్రల్ని కొంచెం వెనక్కి వాల్చి రెక్కనే జరుపుతారు. విమానం పూర్తయ్యాక మూడు చక్రాల కిందా మూడు తూకాలు పెట్టి, ఒక్కో బరువును ఒక గుర్తు నుంచి దాని దూరంతో గుణించి, అన్నిటినీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తారు. తూకం నిలిచే చోటు అలా తేలుతుంది. ఆ కాగితం సరిగ్గా లేకపోతే ఇంజను స్టార్ట్ చేయకూడదు.

అమెరికా చట్టంలో ఇలాంటి విమానాలకు ప్రయోగాత్మకం అనే వర్గం ఉంది. పనిలో సగానికి పైగా సొంతంగా చేయాలి, మొదటి కొన్ని గంటలు నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలి. మన దేశంలో ఆ దారి ఇంకా కష్టం. ముంబైలో ఇంటి డాబా మీద అల్యూమినియం విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కు 2017లో రిజిస్ట్రేషన్ దక్కేసరికి ఎన్నో ఏళ్లు గడిచాయి.

పీటెన్‌పోల్ 1984లో చనిపోయాడు. విస్కాన్సిన్‌లోని బ్రాడ్‌హెడ్ గడ్డి రన్‌వే మీద వేసవిలో ఎయిర్ క్యాంపర్లన్నీ ఒకచోట చేరతాయి. ఫోర్డ్ ఇంజను ఉన్నవాటిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కారు రేడియేటర్ పైలట్ చూపుకు అడ్డంగా నిటారుగా నిలబడి ఉంటుంది. దిగేటప్పుడు పైలట్ తల పక్కకు వంచి, దాని అంచు పక్కనుంచి రన్‌వేను వెతుక్కుంటాడు.