పదమూడో కాల్

పిల్లలూ,

మొన్న మాట్లాడుతుంటే మీ గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. "నెట్ స్లోగా ఉంది తాతయ్యా" అని తేల్చేశారు. ఇలాంటి లైన్ల లెక్కలు చూస్తూనే ఉద్యోగం చేసినవాణ్ణి, అంత తేలిగ్గా ఒప్పుకోలేను.

ఇంటర్నెట్ ఫోన్‌లో మాట ధారగా పోదు. జి.711 అనే పాత పద్ధతిలో సెకనుకు 8000 సార్లు గొంతును కొలిచి, 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌లో కడతారు. అందులో మాట 160 బైట్లు, చిరునామా, వరస సంఖ్య వగైరా మరో 40. అలాంటివి సెకనుకు 50. బైటుకు 8 బిట్లు కదా, అందుకే సెకనుకు 64 కిలోబిట్ల మాట దారిలో 80 అవుతుంది. జి.729 అనే మరో పద్ధతి అదే మాటను 20 బైట్లకు నొక్కేస్తుంది గానీ, పైన కవరు మాత్రం అదే 40! ఉత్తరం కన్నా కవరే బరువు. 8 కిలోబిట్లే కదా అనుకుంటే 24 తేలుతుంది. కొత్తలో నేనూ ఇక్కడే లెక్క తప్పి చీవాట్లు తిన్నాను.

ఇప్పుడు సెకనుకు 1000 కిలోబిట్లు మోసే లైన్ తీసుకోండి. 80 చొప్పున 12 కాల్స్ హాయిగా పడతాయి. పదమూడోది వస్తే 1040. ఇబ్బంది ఆ పదమూడో మనిషికే అనుకుంటున్నారా? కాదు. రూటర్‌కి ఎవరి ప్యాకెట్ ఏదో పట్టదు, చోటు చాలనివి పారేస్తుంది. పదమూడుగురి గొంతులూ తెగుతాయి. అందుకే పదమూడో కాల్‌కి ముందే బిజీ టోన్ ఇచ్చేయాలి. కఠినంగా తోస్తుంది గానీ, నా దృష్టిలో అదే మర్యాద.

మరి ఎన్ని కాల్స్‌కి చోటు ఉంచాలి? డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లోనే సూత్రం ఇచ్చాడు. గంటకు 60 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకుంటే సగటున ఏ క్షణంలోనైనా 3 కాల్స్ నడుస్తుంటాయి. అలాగని మూడు లైన్లు సరిపోవు. కాల్స్ గుంపుగా వచ్చిపడతాయి కదా! నూటికి ఒకటికి మించి వెనక్కి పోకూడదంటే 8 కావాలి.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో పన్నెండు కాల్స్ లేవు, నిజమే. కానీ అదే సమయంలో ఎవరో ఫోటోలు అప్‌లోడ్ చేస్తున్నారేమో. ఫోటో ప్యాకెట్ 1500 బైట్లుంటుంది. 1000 కిలోబిట్ల లైన్ మీద ఒక్కటి దాటడానికే 12 మిల్లీసెకన్లు. మీ మాట ముందు అలాంటివి పది నిలబడితే 120 పోయాయి. ఒకవైపు ఆలస్యం 150 దాటకపోతే మంచిదని అంతర్జాతీయ ప్రమాణం. పైగా ఒకసారి పది, ఒకసారి రెండు అడ్డొస్తే ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా చేరతాయి. దాన్నే జిట్టర్ అంటారు. అందుకే అవతలి ఫోన్ వాటిని కాసేపు ఆపి, సమానంగా వినిపిస్తుంది. మరీ ఎక్కువసేపు ఆపితే ఇద్దరం ఒకేసారి "హలో" అంటాం, గుర్తుందా?

రూటర్ సెట్టింగ్స్‌లో మాటకు ముందు దారి ఇచ్చే వీలుందేమో వెతకండి. లేకపోతే ఆదివారం ఆ అప్‌లోడ్ ఆపి ఫోన్ చేయండి. తేడా నేను చెబుతాను.

మీ తాతయ్య