కార్టూన్‌లో చెడ్డవాడికి ఆ రంగు ఎవరు వేశారు?

పిల్లలూ,

దసరా సెలవులకు వచ్చిన మా మనవరాలు ఫోన్‌లో కార్టూన్ చూస్తూ చూస్తూ తల తిప్పి అడిగింది: "తాతయ్యా, చెడ్డోళ్లే ఎందుకు నల్లగ ఉంటరు?" నేను బతుకమ్మకు తెచ్చిన గునుగు పూల కాడలు సరిచేస్తున్నాను. పని ఆపేసి కూర్చున్నాను. ఆ పిల్లకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

ఈ ప్రశ్న మీద పుస్తకాలే రాసిన పెద్దాయన ఒకరున్నారు. పేరు హెన్రీ జిరూ. 1943లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో కష్టజీవుల పేటలో పుట్టారు. బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడని స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ చదివారు. తర్వాత హైస్కూల్ మాస్టారయ్యారు. క్లాసులో కుర్చీలను వరసల్లో కాకుండా గుండ్రంగా వేయించేవారు. ఒకరి మొహం ఒకరికి కనబడితేనే కదా మాట కలిసేది! బడి పెద్దలు అదేం కుదరదు, కుర్చీలు వరసలోనే ఉండాలన్నారు. ఎందుకు గుండ్రంగా ఉండాలో గట్టిగా చెప్పడానికి ఆయనకు అప్పుడు మాటలు దొరకలేదు. ఆ రోజుల్లోనే ఎవరో బ్రెజిల్ దేశపు పౌలో ఫ్రెయిరీ రాసిన పుస్తకం చేతిలో పెట్టారు. రాత్రంతా మేలుకుని చదివారట.

ఫ్రెయిరీ ఎవరంటే, 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పించినాయన. మరుసటి ఏడే సైన్యం గద్దెనెక్కి ఆయన్ను జైల్లో పెట్టింది, తర్వాత ఆయన దేశమే విడిచిపోవాల్సి వచ్చింది. అక్షరాలు నేర్పితే జైలా అంటారేమో. అప్పట్లో బ్రెజిల్‌లో చదువు రానివాళ్లకు ఓటు లేదు. ఇప్పుడు ఆలోచించండి, కూలీలు చదువుకుంటే ఎవరికి టెన్షన్ పట్టుకుంటుందో.

తర్వాత జిరూ, ఫ్రెయిరీ మంచి స్నేహితులయ్యారు. జిరూ పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలుంటాయి, వాటి జోలికి పోను. మనకు చిటికి చీరలున్నాయి కదా, నూలును ముడులు కట్టి రంగేసి నేసేవి, వాటితో చెప్తాను.

మాది చండూరు దగ్గరి పల్లె. మా దోస్తు వాళ్లది మగ్గం ఇల్లు. బడి వదలగానే సంచీ అరుగు మీద పడేసి వాళ్ల నాయన చిటికి కడుతుంటే చూసేవాణ్ని. నూలును చట్రం మీద బిగించి, డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీతో ఒక్కో గుర్తు దగ్గర బిగించి చుట్టేవాడు. వేళ్లు ఎంత తొందరగా తిరిగేవో! ఆ నూలును రంగులో ముంచితే కట్టిన చోట రంగు దిగదు. ముడి విప్పితే అక్కడ తెల్లగా ఉంటుంది. మళ్లీ వేరే చోట కడతారు, మళ్లీ ముంచుతారు. ఇదంతా అయ్యాకే నూలు మగ్గమెక్కేది. అంటే చీర నేయకముందే పువ్వెక్కడ రావాలో, ఏనుగెక్కడ రావాలో నూలులో తేలిపోయి ఉంటుంది. చీర కొన్నామె పువ్వును చూస్తుంది. ముడి ఆమెకు కనబడదు, ఎప్పుడో విప్పేశారు కదా.

మన మనసూ ఆ నూలే అనుకోండి. ఇంట్లో ఒక రంగు ముంచుతారు, బడిలో ఇంకొకటి. సినిమా, ఫోను, గోడ మీది ప్రకటన తలా ఒక ముంచు ముంచుతాయి. బడి ఒక్కటే బడి కాదు, ఇవన్నీ పాఠాలు చెప్పేవే అంటారు జిరూ. ఏది లోపలికి దిగాలో, ఏది దిగకుండా కట్టెయ్యాలో ఎవరో ముందే నిర్ణయిస్తారు. ఆ ఎవరో ఎవరు అని అడగడమే ఆయన జీవితమంతా చేసిన పని.

అల్లాద్దీన్ కార్టూన్ సినిమా 1992లో వచ్చింది. అందులో మొదటి పాటలోనే, మీ మొహం నచ్చకపోతే చెవి కోసే దేశం మాది అనే అర్థంలో ఒక చరణం ఉండేది. అమెరికాలోని అరబ్బులు బాధపడి అభ్యంతరం చెప్పారు. 1993లో వీడియో విడుదల చేసినప్పుడు ఆ చరణం మార్చారు. మాది అనాగరికపు చోటు అన్న మాటను మాత్రం అలాగే ఉంచారు. జిరూ ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు. హీరో, రాకుమారి అమెరికా వాళ్లలా మాట్లాడతారు. చెడ్డవాళ్లకేమో పరాయి యాస. అందరూ ఆ ఊరివాళ్లే కదా మరి! హాలులో కూర్చున్న పిల్లలకు ఎవరూ ఏమీ బోధించలేదు. నవ్వుతూ పాటలు పాడుకుంటూ ఇంటికెళ్లారు. రంగు మాత్రం దిగిపోయింది.

మనకూ అదే జరిగింది. పాత తెలుగు సినిమాల్లో మన తెలంగాణ మాట ఎక్కువగా రౌడీ నోటనో, నవ్వించేవాడి నోటనో వినబడేది. నా చిన్నప్పుడు బడి పుస్తకాల్లో భోజనమంటే అన్నమే, జొన్న రొట్టె బొమ్మ ఒక్కటి లేదు. జొన్న రొట్టె తెచ్చుకున్న పిల్లలు గోడ వైపు తిరిగి తినేవాళ్లు. మా సారు ఒకాయన అది చూసి నవ్వేవాడు కూడా. రొట్టెలో ఏ లోపమూ లేదు. పుస్తకంలో లేనిది తక్కువదని ఆ చిన్న బుర్రలకు ఎవరో ముడి వేశారు. ఇప్పటికీ నాకు ఆ సంగతి కోపమే.

ఆ ముడి విప్పినాయన మన పాలమూరు వైపే ఉన్నారు, సురవరం ప్రతాపరెడ్డి గారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, పనితోనే జవాబు చెప్పారు. ఊరూరా కవులను వెతికించి 354 మంది కవితలతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. రాజుల యుద్ధాలు కాదు, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏం ఆటలాడారు అన్నది అందులో ఉంది. సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ పుస్తకానికే. అది రాసిన మనిషి గద్వాల ప్రాంతంవాడని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక నూలు పోలిక ఇక్కడికి చాలు. నూలు ఎవరు కడితే ఊరుకుంటుంది, మీరు ఊరుకోనక్కర్లేదు. అలాగని కార్టూన్లు మానెయ్యమని నేను చెప్పను. చూడండి, కానీ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరు బాగా మాట్లాడుతున్నారు, ఎవరిని చూసి నవ్వమంటున్నారు, ఎవరికి అసలు మాటే లేదు, ఇవి రాసుకోండి. మీ సోషల్ పుస్తకమూ ఒకసారి ఆ కళ్లతో తిరగేయండి. మీ ఇంటి లాంటి ఇల్లు అందులో ఉందా?

ఈ సెలవుల్లోనే నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చుని ఆమె చిన్నప్పుడు ఆడిన ఆటలు అడగండి. అచ్చనగండ్లలో రాయి ఎట్లా ఎగరేసేవాళ్లో, ఓడినవాళ్లను ఏమనేవాళ్లో చెప్పించుకోండి. ఆమె చెప్పిన మాటల్లోనే రాయండి, మీ సారు దిద్దకముందు నాకు పంపండి.

మీ
తాతయ్య