పీట్ తవ్విన నేల మీద సైకిల్ దారులు: ఐర్లండ్‌లో వీటి వెనకున్న కథ

డబ్లిన్ నుంచి కారులో రెండు గంటల లోపే చేరుకోగల ఆఫలీ కౌంటీలో లాక్ బూరా అనే పార్కు ఉంది. చెరువులు, రెల్లు గడ్డి, బర్చ్ చెట్లు, వాటి మధ్యగా యాభై కిలోమీటర్ల వరకు నడక దారులు, సైకిల్ దారులు. అద్దె సైకిళ్లూ దొరుకుతాయి. డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకుని ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. అయితే చాలామంది దీన్ని మనిషి చెయ్యి తగలని ప్రకృతి అనుకుంటారు. నిజానికి ఇది పీట్ అనే ఇంధనం కోసం కొన్ని దశాబ్దాల పాటు గనిలా తవ్వి వదిలేసిన నేల. ఇప్పుడు ఐర్లండ్ నడిమి జిల్లాల్లో ఎక్కడ కొత్త సైకిల్ దారి గురించి మాట వచ్చినా, పోయిన ఉద్యోగాల గురించి కూడా మాట రావడానికి కారణం అదే.

ఐర్లండ్ భూభాగంలో దాదాపు ఆరో వంతు పీట్ నేల. వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నాచే పీట్. ఇది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే పది మీటర్ల పొర ఏర్పడటానికి పదివేల ఏళ్లు! ఊళ్లలో జనం ఈ పీట్‌ను ముక్కలుగా కోసి, మన పిడకల్లా ఎండబెట్టి, పొయ్యిలో వాడుకునేవారు. అడవులు తక్కువ, బొగ్గు అంతకన్నా తక్కువ ఉన్న దేశంలో శతాబ్దాల పాటు చలి కాచింది అదే.

కథ మలుపు తిరిగింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. బ్రిటన్ నుంచి బొగ్గు రావడం బాగా తగ్గిపోయింది. సొంత ఇంధనం లేకపోతే గడవదని ప్రభుత్వానికి అర్థమైంది. 1946లో బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. ముందు కాలువలు తవ్వి కొన్నేళ్ల పాటు నేలలోని నీటిని లాగేసేవారు. తర్వాత యంత్రాలతో పైపొరను గీకి, ఎండబెట్టి, సన్న పట్టాల రైళ్లలో విద్యుత్ కేంద్రాలకు పంపేవారు. పోర్టార్లింగ్టన్ కేంద్రం 1950లో, ఫెర్బేన్ 1957లో, షానన్‌బ్రిడ్జ్ 1965లో మొదలయ్యాయి. వలస తప్ప దారి లేని పల్లెల్లో నెల జీతం వచ్చే పని దొరికింది. ఆ కుటుంబాలకు పీట్ అంటే పిల్లల చదువు, సొంత ఇల్లు. పర్యావరణం పేరుతో ఈ పరిశ్రమను తిట్టేవాళ్లు ఈ సంగతి మరచిపోతుంటారు.

పీట్ తీస్తున్నకొద్దీ కింద చరిత్ర బయటపడింది. 1977లో బూరాలో పీట్ పొర కింద ఒక పాత చెరువు గట్టు, దాని మీద పొయ్యిల ఆనవాళ్లు, రాతి పనిముట్లు, కాలిన హేజల్ కాయలు కనిపించాయి. నేషనల్ మ్యూజియం తరఫున మైకేల్ రయాన్ తవ్వకాలు జరిపారు. అక్కడ మనుషులు ఉన్నది ఎనిమిది వేల ఏళ్లకు పైగా కిందట అని తేలింది. అంత పాతకాలంలో దేశం నడిమి భాగంలో జనం లేరన్న నమ్మకం దాంతో పోయింది. 1984లో దగ్గర్లోని లాంగ్‌ఫోర్డ్ కౌంటీలో ఉన్న కోర్లియాలో ఓక్ దుంగలు పరిచిన రోడ్డు దొరికింది. చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ దుంగలు క్రీ.పూ. 148లో నరికినవని తెలిసింది. కాలు దిగబడే ఈ నేలను దాటడానికి దారి వేయడం ఇక్కడ కొత్త పనేమీ కాదన్నమాట. ఆ రోడ్డులో 18 మీటర్ల ముక్కను ఇప్పుడు అక్కడి సందర్శక కేంద్రంలో చూడవచ్చు.

ఈలోగా మరో గొడవ మొదలైంది. తమ దేశంలో పీట్ నేలలను దాదాపు పూర్తిగా పోగొట్టుకున్న డచ్‌వాళ్లు, ఐర్లండ్‌లోనైనా కొన్ని మిగలాలని 1983లో ఒక సంస్థ పెట్టి, చందాలతో ఇక్కడ కొన్ని పీట్ నేలలు కొన్నారు. తర్వాత వాటిని ఐర్లండ్‌కే అప్పగించారు. బయటివాళ్లు వచ్చి చెబితే గానీ ఇంట్లో ఉన్నదాని విలువ తెలియకపోవడం మనకూ అలవాటైనదే. ఆఫలీలోనే ఉన్న క్లారా బోగ్ అనే పీట్ నేలను 1987లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ చెక్క బాట మీదే నడవాలి, ఎందుకంటే బతికున్న నాచు కాళ్ల తొక్కిడికి తట్టుకోలేదు.

బూరాలో మాత్రం తవ్వడానికి ఏమీ మిగలని నేలలు 1970ల నుంచే పెరుగుతూ వచ్చాయి. పంపులు ఆపేస్తే పల్లాల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి, పక్షులు చేరాయి. ఐర్లండ్‌లో మిగిలిన ఆఖరి గ్రే పార్ట్రిడ్జ్ పిట్టల గుంపు కూడా ఇక్కడే బతికి బట్టకట్టింది. 2002లో శిల్పులను పిలిచి పాత పరిశ్రమ సామానుతోనే శిల్పాలు చేయించారు. పీట్ మోసిన రైలింజను, పెట్టెలు ఇప్పుడు ఒక శిల్పం. రైళ్లు తిరిగిన కట్టలు కొన్నిచోట్ల బాటలయ్యాయి. ఆ కట్టలు గట్టిగా, ఎత్తుగా ఉండటం ఇందుకు కలిసొచ్చింది. ఆఫలీలోనే మౌంట్ లూకస్‌లో 28 గాలిమరల మధ్య వేసిన సర్వీసు రోడ్లమీద కూడా జనం సైకిల్ తొక్కుతున్నారు.

అసలు టెన్షన్ 2019 తర్వాత వచ్చింది. షానన్‌బ్రిడ్జ్‌లో పాతదాని స్థానంలో తర్వాత కట్టిన కేంద్రాన్ని కొనసాగించడానికి ఆ ఏడాది అనుమతి దొరకలేదు. 2020 డిసెంబరులో అది మూతపడింది. తర్వాతి నెలలోనే బోర్డ్ నా మోనా పీట్ తవ్వకాన్ని పూర్తిగా ఆపేసినట్టు ప్రకటించింది. ఎండిన పీట్ నేల గాలిలోకి కార్బన్ వదులుతూనే ఉంటుంది కాబట్టి, 33,000 హెక్టార్లలో కాలువలు పూడ్చి మళ్లీ నీళ్లు నిలిపే పథకం మొదలైంది. దాని ఖర్చు 12.6 కోట్ల యూరోలు, అందులో 10.8 కోట్లు యూరప్ రికవరీ నిధి (కోవిడ్ తర్వాత సభ్యదేశాలు కోలుకోవడానికి యూరోపియన్ యూనియన్ పెట్టిన నిధి) నుంచి. ఒకప్పుడు పీట్ తీసిన కార్మికులే ఇప్పుడు ఆ కాలువలు పూడుస్తున్నారు.

దారుల ప్లానింగ్‌లో తిరకాసు ఇక్కడే ఉంది. నేల తడవాలి, దారి మాత్రం పొడిగా ఉండాలి. అందుకే కొత్త దారికి పాత రైలు కట్ట కోసం చూస్తారు. ఇక పల్లెల వాళ్ల ప్రశ్న వేరు: సైకిల్ మీద వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్ల వల్ల విద్యుత్ కేంద్రం ఇచ్చినంత జీతం ఎవరికి వస్తుంది? అది న్యాయమైన ప్రశ్నే. యూరప్ రికవరీ నిధి గడువు 2026 ఆగస్టు వరకే. వేసిన చెక్క బాటకూ, పరిచిన కంకర దారికీ మరమ్మతు మాత్రం ఏటా కావాలి.