‘సాయం చేసింది’ అని రాయకండి: మోడర్నిజంలో లెస్బియన్ స్త్రీల గురించి అపోహలు - వాస్తవాలు

ఎం.ఏ. ఇంగ్లిష్ పేపర్లు దిద్దేటప్పుడు ప్రతి ఏడాదీ ఈ వాక్యం కనబడుతుంది: “సిల్వియా బీచ్ జాయిస్‌కు సాయం చేసింది.” గైడ్లలో అలాగే ఉంది, పిల్లలు అలాగే బట్టీ కొడుతున్నారు. ఆ ‘సాయం’ అనే మాట చూస్తేనే నాకు కోపం వస్తుంది.

జరిగింది ఇదీ. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ మోడర్నిజానికి, అంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన కొత్త తరహా సాహిత్యానికి, పెద్ద గుర్తు. అది మొదట 1918 నుంచి ‘ది లిటిల్ రివ్యూ’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ పత్రికను నడిపింది మార్గరెట్ ఆండర్సన్, జేన్ హీప్ అనే జంట. అశ్లీలమని కేసు పడితే 1921లో న్యూయార్క్‌లో కోర్టుకెక్కిందీ వాళ్లే, చెరో 50 డాలర్ల జరిమానా పడిందీ వాళ్లకే. ఆ దెబ్బకు పెద్ద పబ్లిషర్లు వెనక్కి తగ్గారు. పారిస్‌లో పుస్తకాల షాపు నడిపే బీచ్ తాను వేస్తానంది. అంతకుముందు ఒక్క పుస్తకమూ వేసిన అనుభవం లేదు. జాయిస్ ప్రూఫులు దిద్దడమంటే అచ్చుతప్పులు సరిచేయడం కాదు, మార్జిన్ల నిండా కొత్త వాక్యాలు రాసేవాడు. నవలలో దాదాపు మూడో వంతు అలా పెరిగిందే. ఖర్చు ఎంతైనా అడిగినన్ని ప్రూఫులు ఇమ్మని ప్రింటరుకు చెప్పింది బీచ్. ఆమె కాదంటే మనం చదివే ‘యులిసీస్’ ఇలా ఉండేదే కాదు. 1922 ఫిబ్రవరి 2 పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి, దిజోన్ రైల్లో వచ్చిన రెండు కాపీలు తీసుకుంది. ఒకటి జాయిస్‌కు ఇచ్చింది, రెండోది షాపు కిటికీలో పెట్టింది. ఫ్రెంచ్ అనువాదం 1929లో వేసింది ఆమె సహచరి అడ్రియెన్ మోనియే. సాయమా ఇది?

“ఆ లెస్బియన్ స్త్రీలంతా ఒకే గుంపు” అనేదీ తప్పే. ‘యులిసీస్’ వేసినందుకు అలిగి, పారిస్‌లోనే ఉండే అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్, పుస్తకాలు అద్దెకూ ఇచ్చే బీచ్ షాపులో మెంబర్‌షిప్పే మానేసింది. “వాళ్లు రచయితలకు ఆతిథ్యమిచ్చారంతే, రాసిందేముంది” అనేవాళ్లు 1909లో వచ్చిన స్టైన్ కథల పుస్తకం ‘త్రీ లైవ్స్’ తెరిచి చూడాలి.

“వ్యక్తిగత జీవితం సాహిత్యానికెందుకు?” అంటారు. నవల జరిగే జూన్ 16, జాయిస్ తర్వాత తన భార్య అయిన నోరాతో మొదటిసారి షికారుకెళ్లిన రోజని మాత్రం ప్రతి క్లాసులో చెబుతాం!

మొన్న ఒకమ్మాయి ఈ స్త్రీల మీదే పరిశోధన చేస్తానని సినాప్సిస్ పట్టుకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. “ఈ టాపిక్ తీసుకుంటే నన్నూ లెస్బియన్ అనుకుంటారేమో మేడమ్, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు” అంది. ఆ టెన్షన్ నిజమైనదే. చెప్పుకునే బాధ్యత నీ మీద లేదమ్మా అన్నాను. ఇద్దరం కూర్చుని శీర్షికను ‘చిన్న పత్రికలు, చిన్న పబ్లిషర్లు’ అని మార్చాం, అధ్యాయాల్లో ఒక్క పేరూ తీసేయలేదు. ఇప్పుడు రెండో అధ్యాయం రాస్తోంది. కోర్టు కేసు దాకా వచ్చింది.