పట్టా వచ్చింది, పొలం ఏది? రొమేనియా పల్లెల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

రొమేనియా పల్లెల గురించి నేను ఎక్కడ ప్రసంగించినా చివర్లో ఒక చెయ్యి లేస్తుంది. "1991లోనే భూములు తిరిగి ఇచ్చేశారు కదండీ, మరి ఆ పల్లెలు ఇంకా ఎందుకు కోలుకోలేదు? సోషలిజంలో కష్టపడే అలవాటు పోయిందా?" మొన్న ఒక విశ్వవిద్యాలయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అడిగింది పరిశోధక విద్యార్థి. ఈ ఊహ మీదే సిద్ధాంత వ్యాసం మొదలుపెట్టాడట. ఆ అబ్బాయి ముఖంలో కంగారు చూశాక, మళ్లీ మళ్లీ నోటితో చెప్పేకన్నా ఒకసారి రాసి పెట్టడం మేలనిపించింది.

అపోహ: భూమి తిరిగి ఇచ్చారు కాబట్టి రైతులు యజమానులయ్యారు.

వాస్తవం: కాగితం మీద అయ్యారు. పట్టాకూ స్వాధీనానికీ తేడా తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. రొమేనియా అనగానే మాత్రం ఆ తేడాను ఎందుకో మరిచిపోతాం.

అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం రైతుల పొలాలను కలిపి ఉమ్మడి క్షేత్రాలు చేసింది. ఈ సమష్టీకరణ 1949లో మొదలై 1962లో పూర్తయింది. 1991 ఫిబ్రవరిలో వచ్చిన 18వ నంబరు చట్టం సమష్టి క్షేత్రాలను రద్దు చేసి, కుటుంబానికి 10 హెక్టార్లకు మించకుండా పాత యజమానులకో వారి వారసులకో భూమి ఇమ్మంది. బాగానే ఉంది. ఏ భూమి? ముప్పై ఏళ్లపాటు ట్రాక్టర్లు గట్లన్నీ కలిపి దున్నేశాయి. కాలువలు తవ్వారు, వాగుల దారి మళ్లించారు, పశువుల షెడ్లు కట్టారు, రోడ్లు వేశారు. "వాగు మలుపులో అక్రోటు చెట్టు నుంచి అటు మాది" అని తాత చెప్పి ఉంటాడు. ఇప్పుడు ఆ మలుపూ లేదు, ఆ చెట్టూ లేదు.

ఇక దస్తావేజుల సంగతి. 1950ల ప్రాంతంలో పంట లెవీ తగ్గించుకోవడానికీ, 'కియాబూర్' అంటే మోతుబరి అన్న ముద్ర పడకుండా ఉండటానికీ చాలామంది తమ పొలాన్ని తక్కువ చేసి రాయించుకున్నారు. ఆ ముద్ర పడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1991లో భూమి పంచే కమిషన్లు సాక్ష్యంగా తెరిచింది ఆ రిజిస్టర్లనే. ఒకప్పుడు కుటుంబాన్ని కాపాడిన అబద్ధానికి మనవల కాలంలో పొలం రూపంలో మూల్యం కట్టాల్సి వచ్చింది. ఊరి కమిషన్‌కు మేయరే అధ్యక్షుడు. కొలతల సంగతి తెలిసినవాళ్లు సహజంగానే పాత సమష్టి క్షేత్రంలో పనిచేసినవాళ్లు. రోడ్డు పక్క పొలం ఎవరికి దక్కిందో, చిత్తడి నేల ఎవరికి పోయిందో ఊహించుకోండి. 1970ల నుంచి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త కేథరిన్ వెర్డెరీ ఈ పంపకంలో భూమి కొందరికి రబ్బరులా సాగడం, ఇంకొందరికి కుంచించుకుపోవడం ఊరిస్థాయిలో చూపించారు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు ఆమె రచనలు చదవాలి.

రొమేనియాలో నేను ఉన్న ఊళ్లో ఒక ముసలామె ఉండేది. అందరూ తాంతి అనేవారు, మన పిన్ని లాంటి పిలుపు. 'అదెవెరింత్సా' అనే తాత్కాలిక ధ్రువపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును దుప్పట్ల మధ్య దాచుకుంది. అసలు హక్కుపత్రం అప్పటికీ రాలేదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఊరి చివరకు తీసుకెళ్లింది. కనుచూపు మేర మొక్కజొన్న. "నాలుగు హెక్టార్లు నావి" అంది. ఎక్కడ తాంతీ అని అడిగితే చేత్తో ఆ మొత్తాన్నీ చుట్టి చూపింది. కాసేపాగి, "నువ్వు చదువుకున్నదానివి కదమ్మా, కాగితం చూసి నువ్వే చెప్పు" అంది. కాగితంలో విస్తీర్ణం ఉంది, హద్దులు లేవు. ఏం చెప్పను?

సరే, హద్దులు తేలాయనే అనుకుందాం. అరవై దాటిన మనిషి నాలుగు హెక్టార్లు దేనితో దున్నాలి? సమష్టి క్షేత్రాలకు ట్రాక్టర్లు పంపిన పాత ప్రభుత్వ స్టేషన్లు పేరు మార్చుకుని కంపెనీలయ్యాయి, రొక్కం ఇస్తేగాని కదలవు. డీజిల్, ఎరువుల ధరలు ధాన్యం ధరను దాటి పరిగెత్తాయి. పిల్లలు పట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో ఉన్నారు, ఆ ఫ్యాక్టరీలూ మూతబడుతున్నాయి. దాంతో చాలామంది ఊరి సాగు సంఘానికి పొలం అప్పగించి ఏడాదికి కొన్ని బస్తాల గోధుమలతో సరిపెట్టుకున్నారు. కౌలుకు చట్టం 1994లో గాని రాలేదు, భూమి అమ్మకాలను సులువు చేసిన చట్టం 1998లో గాని రాలేదు. అప్పటికి చాలామందికి పొలం ఆస్తిగా కాక బరువుగా మిగిలింది. ట్రాక్టరున్నవాడు ఆ బరువును సంతోషంగా తీసుకున్నాడు.

సోమరితనమట! పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, సాయంత్రం సమష్టి క్షేత్రం విదిల్చిన చిన్న పెరటి ముక్కలో బంగాళదుంపలు తవ్వినవాళ్లను సోమరులంటే నాకు ఒళ్లు మండుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"తూర్పు ఐరోపా అంతా ఒకటే." కాదు. పోలెండులో 1956 తర్వాత సమష్టి క్షేత్రాలు చాలావరకు చెదిరిపోయి, పొలం ఎక్కువగా రైతుల చేతుల్లోనే ఉండిపోయింది. అక్కడి కథను రొమేనియాకు అతికించకండి.

"గొలుసుకట్టు పథకాల్లో మోసపోయింది సోషలిజంలో పెరిగి డబ్బు తెలియని అమాయకులు." క్లుజ్ నగరంలో 1992 నుంచి 1994 దాకా నడిచిన కారితాస్ గురించే ఈ మాట. కట్టిన సొమ్ముకు మూడు నెలల్లో ఎనిమిదింతలు ఇస్తామన్నారు, మొదట కట్టినవాళ్లకు నిజంగానే ఇచ్చారు కూడా. మూడంకెల ద్రవ్యోల్బణంలో దాచుకున్నది కళ్లముందే కరిగిపోతుంటే, పక్కింటివాడు కొత్త ఫ్రిజ్ తెచ్చుకుంటే, నగర మేయరే వత్తాసు పలుకుతుంటే ఎవరు ఆగుతారు? మన దగ్గర ఇలాంటి పథకాల్లో మునిగినవాళ్లందరూ సోషలిజంలోనే పెరిగారా?

"పాత రోజులే నయం అనేవాళ్లంతా చౌషెస్కు అభిమానులు." చౌషెస్కు అంటే 1989 దాకా రొమేనియాను ఏలిన కమ్యూనిస్టు నాయకుడు. విదేశీ అప్పు తీర్చడానికి ఆయన 1980లలో జనాన్ని చలిలో, చీకట్లో, రొట్టె కోసం వరుసల్లో నిలబెట్టాడు. అప్పు తీరిపోయిందని 1989 ఏప్రిల్‌లో ప్రకటించాడు, ఆ డిసెంబరులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అది అనుభవించినవాళ్లకు మనం పాఠం చెప్పనక్కర్లేదు. తాంతి కూడా పాత రోజులను తలుచుకునేది. ఆమెకు గుర్తొచ్చేది పార్టీ కాదు, కోతల కాలంలో ట్రాలీ ఎక్కి పాడుకుంటూ వెళ్లిన ఇరవైమంది ఆడవాళ్లు. చిన్నప్పుడు మా ఇంట్లో 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితాలతో నోటు పుస్తకాలకు అట్టలు వేసేవారు. ఆ కాగితం వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు మెత్తబడుతుంది. అంతమాత్రాన నేను క్రెమ్లిన్ మనిషిని అయిపోతానా?

"అక్కడ అందరూ లంచగొండులే." 1980లలో డాక్టరుకు విదేశీ కెంట్ సిగరెట్ పెట్టె ఇచ్చేవారు, ఆయన దాన్ని తాగకుండా మరొకరికి ఇచ్చి మాంసం సంపాదించేవాడు. దీన్ని లంచం అన్న ఒక్క మాటతో సరిపెడితే ఆ మనుషుల మధ్య ఉన్న సగం సంబంధం మనకు కనిపించదు.

ఆ విద్యార్థి తర్వాత ఫోను చేశాడు. రాసిందంతా చించేయాలా మేడం అని అడిగాడు. చించొద్దు, ప్రశ్న మార్చుకోమన్నాను. యజమాని ఎవరని అడిగితే అందరూ కాగితమే చూపిస్తారు. నిరుడు ఎవరు దున్నారు, డీజిల్ డబ్బు ఎవరిది, బస్తాలు ఎవరి ఇంటికి వెళ్లాయి అని అడగాలి. మొదట ఎవరిని కలవమంటారు అన్నాడు. ట్రాక్టరు నడిపేవాణ్ని అన్నాను. నేనున్న ఊళ్లో అతను షెడ్డు తలుపు లోపలివైపు సుద్దముక్కతో పేర్లు, హెక్టార్లు, బాకీలు రాసుకునేవాడు. తాంతి పొలం ఎటువైపుందో చివరికి నాకు తెలిసింది ఆ తలుపు మీదే.